ఎక్స్ తరగతి సౌర జ్వాల వచ్చినప్పుడు బెంగళూరులో రేడియేషన్ పెరుగుతుందా?

భార్గవి_జేపీనగర్

అందరికీ నమస్కారం. సూర్యుడి మీద పెద్ద ఫ్లేర్ (సౌర జ్వాల; అన్నిటికన్నా బలమైనవి ఎక్స్ తరగతివి) వచ్చిందని వార్త రాగానే "ఈ రాత్రి ఫోన్లు దూరంగా పెట్టండి, కాస్మిక్ కిరణాలు భూమిని తాకబోతున్నాయి" అనే మెసేజ్ ప్రతి అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ తిరుగుతుంది. దాన్ని నమ్మేవాళ్ళకు కొలిచిన అంకెలతో జవాబు చెప్పాలని ఉంది. నా దగ్గర ఉన్నది ఎస్‌బీఎం-20 ట్యూబుతో చేసిన గీగర్ కౌంటర్, అంటే రేడియేషన్ తగిలినప్పుడల్లా క్లిక్కుమనే పరికరం. బాల్కనీలో మామూలుగా నిమిషానికి 22 నుంచి 25 క్లిక్కులు వస్తాయి. సాయంత్రం వాన పడితే 35 దాటుతుంది.

వాన రోజు పెరుగుదలకూ సూర్యుడికీ ఏమైనా సంబంధం ఉందా? ఫ్లేర్ వస్తే ఇక్కడ అంకె పెరగాలా, తగ్గాలా? ఆ మార్పును ఇంట్లోనే పట్టుకోవాలంటే ఏం కావాలి?

విశ్వనాథం_మల్లేశ్వరం

ముందు వాన సంగతి చూద్దాం. గీగర్ కౌంటర్ కొన్నవాళ్ళలో ఎక్కువమంది పొరబడేది అక్కడే. నేలలోంచి పైకొచ్చే రేడాన్ వాయువు గాలిలో క్షయమవుతూ లెడ్-214, బిస్మత్-214గా మారుతుంది. ఇవి సన్నని ధూళికి అంటుకుని తేలుతూ ఉంటాయి. వాన వాటిని కడిగి నేల మీదికి, మీ బాల్కనీ గోడ మీదికి దింపుతుంది. లెడ్-214 అర్ధాయువు సుమారు 27 నిమిషాలు, బిస్మత్-214ది సుమారు 20 నిమిషాలు. అందుకే వాన వెలిశాక రెండు మూడు గంటల్లో కౌంటు మళ్ళీ పాత చోటికే వచ్చేస్తుంది.

దీన్ని రుజువు చేయడం తేలిక. వాన మొదలైన పది నిమిషాలకు తడిసిన రెయిలింగును టిష్యూ కాగితంతో బాగా తుడవండి. ఆ కాగితాన్ని మడిచి ట్యూబుకు ఆనించి పెట్టి, ఐదేసి నిమిషాల మొత్తాలు రాసుకోండి. అదనంగా వచ్చిన క్లిక్కులు ఇంచుమించు అరగంటకోసారి సగమవుతుంటే అది రేడాన్ సంతతే.

వాన లేనప్పటి 22 క్లిక్కుల్లో కూడా చాలా భాగం కిందినుంచే వస్తుంది. బెంగళూరు కింద ఉన్నది నైస్, గ్రానైట్ శిలలు. మన గచ్చు, వంటగది గట్టు కూడా గ్రానైటే. వాటిలో పొటాషియం-40, థోరియం, యురేనియం సంతతి ఉంటాయి. ట్యూబు పనిచేసే వైశాల్యం దాదాపు 9 చదరపు సెంటీమీటర్లు. సముద్రమట్టం దగ్గర పడుకోబెట్టిన చదరపు సెంటీమీటరు మీద నిమిషానికి సుమారు ఒక మ్యూఆన్ (కాస్మిక్, అంటే విశ్వ కిరణాలు గాలిని ఢీకొన్నప్పుడు పుట్టే కణం) పడుతుంది. అంటే మీ 22లో విశ్వ కిరణాల వాటా మూడో వంతుకు అటూఇటూ. అందులో రెండు మూడు శాతం మారినా మిగతా గోలలో మీకు వినపడదు.

సుధ_కోరమంగళ

రెండో ప్రశ్నకు నేను చెబుతాను. "ఫ్లేర్" అనే ఒక్క మాట కింద మూడు వేరువేరు విషయాలను కలిపేస్తున్నారు, గందరగోళమంతా దానివల్లే.

మొదటిది కాంతి. ఎక్స్ కిరణాలు, తీవ్ర అతినీలలోహిత కిరణాలు 8 నిమిషాల 20 సెకన్లలో మనల్ని చేరతాయి. అవి పై వాతావరణంలోనే ఆగిపోతాయి. నేల మీదికి ఒక్క ఎక్స్ కిరణం కూడా రాదు.

రెండోది సూర్యుడు వేగవంతం చేసిన ప్రోటాన్లు. చాలా శక్తిమంతమైనవి కాంతి వెనకే నిమిషాల తేడాతో వస్తాయి, తక్కువ శక్తివి గంటల తర్వాత. ఇవి రావాలంటే ఫ్లేర్ జరిగిన చోటు నుంచి భూమి దాకా అయస్కాంత రేఖ కలవాలి. ఆ రేఖలు వంపు తిరిగి ఉంటాయి కాబట్టి సూర్యబింబం పడమటి సగంలో జరిగినవే ఎక్కువగా మనల్ని తాకుతాయి.

మూడోది సీఎంఈ, అంటే అయస్కాంత క్షేత్రాన్ని వెంటబెట్టుకుని ఎగిరొచ్చే ప్లాస్మా మేఘం. దీనికి 15 గంటల నుంచి మూడు రోజులు పడుతుంది. విశ్వ కిరణాలను తగ్గించేది ఇదే. పెద్ద ఫ్లేర్ వచ్చి సీఎంఈ రాకపోతే, వచ్చినా భూమి వైపు రాకపోతే, మీ కౌంటరుకు కనిపించేది ఏమీ లేదు.

భార్గవి_జేపీనగర్

వాన లెక్క అర్థమైంది. మరి రెండో రకం, ఆ ప్రోటాన్లు వచ్చినప్పుడైనా ఇక్కడ పెరగాలి కదా సుధ గారూ? అమెరికా అంతరిక్ష వాతావరణ కేంద్రం పేజీలో ఎస్3 అని చూపిస్తే దాని అర్థం ఏమిటి?

సుధ_కోరమంగళ

ఆ ఎస్ స్కేలు 10 ఎంఈవీ (కణ శక్తి కొలత, ఒక్కోటి పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు), అంతకు మించిన ప్రోటాన్ల సంఖ్య మీద కట్టింది. ఎస్1కు 10, ఎస్2కు 100, ఎస్3కు 1,000, ఇలా పదింతలుగా పెరుగుతుంది. 10 ఎంఈవీ ప్రోటాను మన వాతావరణంలో 65 కిలోమీటర్ల ఎత్తు దగ్గరే ఆగిపోతుంది. 100 ఎంఈవీది 30 కిలోమీటర్ల పైనే ఆగుతుంది. ఉపగ్రహాలకు, వ్యోమగాములకు అది పెద్ద విషయం. నేల మీద దాని ప్రభావం కనిపించాలంటే, ధ్రువాల దగ్గరైనా సరే, ప్రోటానుకు 400 ఎంఈవీ పైన ఉండాలి.

మనకైతే ఇంకో కోట ఉంది. భూ అయస్కాంత క్షేత్రం మనకు నేలతో సమాంతరంగా పరుచుకుని ఉంటుంది, పైనుంచి వచ్చే ప్రోటాను దాన్ని అడ్డంగా దాటాలి. దాటడానికి కావలసిన కనీస బలాన్ని కటాఫ్ రిజిడిటీ అంటారు. ఫిన్లాండ్‌లోని ఔలూలో అది 0.8 గిగావోల్టులు. బెంగళూరు, చెన్నై, ఊటీ ప్రాంతంలో సుమారు 17. అంటే నిలువుగా దిగే ప్రోటానుకు 16 జీఈవీ (16,000 ఎంఈవీ) దాకా శక్తి ఉండాలి. సూర్యుడి ప్రోటాన్లు అంత శక్తికి చేరడం చాలా అరుదు. 1956 ఫిబ్రవరి 23 నాటిది ఆ కోవలోకి వచ్చే సంఘటన.

ఔలూలో ఉన్న న్యూట్రాన్ మానిటర్ (విశ్వ కిరణాలు పుట్టించే న్యూట్రాన్లను లెక్కపెట్టే పరికరం) 2024 మే నెల గ్రాఫు తీసి చూడండి, ఈ మూడూ ఒకేచోట కనిపిస్తాయి. మే 10న మన సమయం రాత్రి పదిన్నర ప్రాంతంలో మొదటి సీఎంఈ తాకింది, ఔలూ కౌంటు పడిపోయింది. మే 11 ఉదయం 6:53కు ఎక్స్5.8 ఫ్లేర్ వచ్చింది. కాసేపటికే ఔలూలో, దక్షిణ ధ్రువం దగ్గర కౌంటు కొంత పైకి లేచింది. నేల మీద కనిపించిన సౌర ప్రోటాన్ల వరసలో అది 74వది. థాయిలాండ్‌లో దోయి ఇంతనోన్ కొండ మీదున్న న్యూట్రాన్ మానిటర్ కటాఫ్ 16.8, అంటే మనకు చుట్టం లాంటిది. ఉత్తరాన ఏం జరిగినా మనకెలా ఉంటుందో తెలియాలంటే దాని గీత చూడాలి.

మూర్తి_హెచ్ఎఫ్

ఒక చిన్న చేర్పు. ఫ్లేర్ వెలుగు దక్షిణ భారతంలో నేరుగా తెలిసేది షార్ట్‌వేవ్ రేడియోలోనే. ఎక్స్ కిరణాలు 60 నుంచి 90 కిలోమీటర్ల మధ్యనున్న డి పొరను ఒక్కసారిగా అయనీకరిస్తాయి. 5 నుంచి 15 మెగాహెర్ట్జ్ సంకేతాలు అక్కడ ఇంకిపోతాయి. పగటి పూట మాత్రమే. 2024 మే 14 నాటి ఎక్స్8.7 మన సమయం రాత్రి 10:21కి వచ్చింది, కాబట్టి బెంగళూరులో రేడియోకు ఏమీ కాలేదు. మే 11 నాటిది పొద్దు పొడిచిన గంటకు వచ్చింది, సూర్యుడు దిగువన ఉన్నందున ఇక్కడ ప్రభావం నడినెత్తిన ఉన్నప్పటంత ఉండదు. ఎక్స్ అంకె ఒక్కటే చూసి లాభం లేదు, గడియారం కూడా చూడాలి. ప్రపంచ సమయానికి ఐదున్నర గంటలు కలుపుకోవడం మరవకండి.

అనిల్_యలహంక

సీఎంఈ వల్ల విశ్వ కిరణాలు తగ్గడం ఏమిటో నాకు సరిగా పట్టుబడలేదండీ. మేఘం వస్తే కణాలు ఇంకా ఎక్కువ కావాలి కదా?

విశ్వనాథం_మల్లేశ్వరం

మన మ్యూఆన్లకు మూలమైన కణాలు సూర్యుడివి కావు, గెలాక్సీలో ఎక్కడినుంచో వచ్చే ప్రోటాన్లు. అవి అన్ని వైపుల నుంచీ ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. సీఎంఈ ముందు భాగంలో కలతపడిన అయస్కాంత క్షేత్రం, వెనక మెలితిరిగిన తాడు లాంటి క్షేత్రం ఉంటాయి. గెలాక్సీ కణాలు ఈ రెంటినీ దాటి లోపలికి రావడం కష్టం. భూమి ఆ మేఘం లోపల ఉన్నంతసేపూ మనకు చేరే కణాలు తగ్గుతాయి. 1937లో స్కాట్ ఫోర్బుష్ గుర్తించాడు కాబట్టి ఫోర్బుష్ తగ్గుదల అంటారు. పడిపోవడం కొన్ని గంటల్లో అయిపోతుంది, కోలుకోవడం మాత్రం నింపాదిగా వారం దాకా సాగుతుంది. గ్రాఫులో ఆ ఆకారమే దాని గుర్తు.

మనకు ఎందుకు తక్కువ కనిపిస్తుందో లెక్క వేసుకోవచ్చు. మేఘంలో క్షేత్రం 20 నానోటెస్లా అనుకుందాం. 2 గిగావోల్టుల కణం అందులో తిరిగే వృత్తం వ్యాసార్ధం 3.3 లక్షల కిలోమీటర్లు. 17 గిగావోల్టులదైతే 28 లక్షల కిలోమీటర్లు. భూమి దగ్గరికి వచ్చేసరికి మేఘం వెడల్పు మూడు నాలుగు కోట్ల కిలోమీటర్లు. రెండూ దానిలో చిక్కుతాయి గానీ పెద్ద వృత్తం తిరిగేది అంతగా చిక్కదు. పైగా మన మ్యూఆన్లను పుట్టించే కణాల్లో చాలావాటి శక్తి 17 కన్నా ఎంతో ఎక్కువ. అందువల్ల ఔలూ న్యూట్రాన్లలో 10 శాతం పడినప్పుడు ఇక్కడి మ్యూఆన్లలో రెండు మూడు శాతం పడితే బాగా కనిపించినట్టే.

భార్గవి గారూ, గ్రూపులో మీరు పెట్టాల్సిన జవాబు ఇదే: సీఎంఈ తాకితే ఆ రాత్రి బెంగళూరు నేల మీద విశ్వ కిరణాల రేడియేషన్ మామూలుకన్నా కొంచెం తక్కువ.

రఘు_వైట్‌ఫీల్డ్

"తక్కువే" అని అంత గట్టిగా చెప్పకండి విశ్వనాథం గారూ. 2015 జూన్ 22న ఊటీలోని గ్రేప్స్-3 మ్యూఆన్ దూరదర్శిని రెండు గంటలపాటు పెరుగుదల చూసింది. ఆ రోజు తీవ్రమైన భూ అయస్కాంత తుఫాను. కవచం తాత్కాలికంగా బలహీనపడి కటాఫ్ తగ్గింది, మామూలుగా వెనక్కి మళ్ళే కణాలు లోపలికి వచ్చాయి. కాబట్టి తుఫాను మధ్యలో తగ్గుదల మీద చిన్న మిట్ట కూడా రావచ్చు.

విశ్వనాథం_మల్లేశ్వరం

నిజమే రఘు, ఆ సవరణ అవసరం. తగ్గుదల సాధారణ ధోరణి, తుఫాను పరాకాష్ఠలో కొద్దిసేపు ఎదురు నడక ఉండొచ్చు. అయితే దాన్ని పట్టింది 560 చదరపు మీటర్ల దూరదర్శిని, ఆరేసి మీటర్ల పొడవున్న 3,712 ప్రపోర్షనల్ కౌంటర్లతో. ఆ మిట్ట కూడా ఆరోగ్యం దృష్టితో చూస్తే లెక్కలోకి రాదు.

అనిల్_యలహంక

విమానాల సంగతి? అమెరికాకు ధ్రువం మీదుగా వెళ్ళే మార్గాలు ఉన్నాయి కదా.

సుధ_కోరమంగళ

ఫ్లేర్ల విషయంలో మనవాళ్ళు నిజంగా పట్టించుకోవలసిన ప్రయాణం అదే. 35 నుంచి 40 వేల అడుగుల ఎత్తులో భూమధ్యరేఖ దగ్గర గంటకు 2 నుంచి 3 మైక్రోసీవర్టులు (శరీరానికి అందే రేడియేషన్ డోసు కొలత). ధ్రువాల వైపు 5 నుంచి 6. పదహారు గంటల ప్రయాణానికి 70, 80 మైక్రోసీవర్టులు అనుకోండి. బెంగళూరు నుంచి సింగపూర్ అయితే పదికి అటూఇటూ. సాధారణ ప్రజలకు ఐసీఆర్‌పీ (అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం) చెప్పిన అదనపు పరిమితి సంవత్సరానికి 1,000 మైక్రోసీవర్టులు.

సౌర ప్రోటాన్లు బలంగా వచ్చినప్పుడు ధ్రువ మార్గంలో ఇది కొన్ని గంటలపాటు పెరగొచ్చు. 2019 నవంబరు నుంచి ఐసీఏఓ (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) ఏర్పాటు కింద విమానయానానికి అంతరిక్ష వాతావరణ హెచ్చరికలు వస్తున్నాయి. గంటకు 30 మైక్రోసీవర్టులు దాటితే ఒక స్థాయి, 80 దాటితే తీవ్ర స్థాయి. అప్పుడు ఎత్తు తగ్గించడమో, దక్షిణంగా మళ్ళడమో చేస్తారు. ధ్రువ మార్గంలో షార్ట్‌వేవ్ సంభాషణ పోవడం కూడా దారి మార్చడానికి బలమైన కారణమే. ఫోర్బుష్ తగ్గుదల నడుస్తున్నప్పుడు మాత్రం విమానంలో డోసు మామూలుకన్నా తగ్గుతుంది.

గర్భిణులైన విమాన సిబ్బందికి ఈ విషయం వివరంగా తెలియాలి. మిగిలిన గర్భకాలమంతటికీ శిశువుకు 1 మిల్లీసీవర్టు (1,000 మైక్రోసీవర్టులు) దాటకూడదన్నది ఐసీఆర్‌పీ సూచన. ధ్రువ మార్గంలో ఆరేడు రానుపోను ప్రయాణాలకే అక్కడికి చేరుకుంటారు.

అనిల్_యలహంక

ధన్యవాదాలండీ. ఇక మూడో ప్రశ్నకు, పరికరం సంగతికి, నేను వస్తాను. భార్గవి గారూ, రెండు ఎస్‌బీఎం-20 ట్యూబులు ఒకదానిమీద ఒకటి పెట్టి, రెండూ ఒకేసారి మోగినప్పుడు మాత్రమే లెక్కపెట్టాలి. గ్రానైట్ గామా కిరణం మామూలుగా ఒక ట్యూబునే మోగిస్తుంది, మ్యూఆన్ రెండింటినీ గుచ్చుకుంటూ పోతుంది. రెండు పల్సులనూ 200 మైక్రోసెకన్ల వెడల్పుకు కుదించి 74హెచ్‌సీ08 యాండ్ గేటులోకి (రెండు పల్సులూ ఒకేసారి వస్తేనే సంకేతమిచ్చే చిప్పు) ఇవ్వండి. ఎస్‌పీ రోడ్డులో ఆ చిప్పు, 400 వోల్టుల బోర్డుకు కావలసిన రెసిస్టర్లు అన్నీ దొరుకుతాయి. యాదృచ్ఛికంగా కలిసి మోగడం ఎంతంటే: 2 × 0.0002 × 0.33 × 0.33, అంటే రోజుకు నాలుగు. పట్టించుకోనక్కర్లేదు.

నిమిషానికి రెండు మూడు మ్యూఆన్లు వస్తాయి. చిక్కు అక్కడే ఉంది. రోజుకు 3,600 వస్తే గణాంక దోషం 60, అంటే 1.7 శాతం. రెండు శాతం తగ్గుదల అందులో మునిగిపోతుంది.

రఘు_వైట్‌ఫీల్డ్

అందుకే ట్యూబులు వదిలి ప్లాస్టిక్ సింటిలేటరుకు (కణం దూరితే మెరిసే పలక) వెళ్ళాలి. 5 సెంటీమీటర్ల చదరపు ముక్కలు, వాటికి సిలికాన్ ఫోటోమల్టిప్లయర్ (ఆ మెరుపును పట్టే సెన్సరు) పెట్టే చిన్న డిజైన్లు చాలా ఉన్నాయి, నేర్చుకోవడానికి మంచివి. కానీ 25 చదరపు సెంటీమీటర్లకు గంటకు మహా అయితే 1,500 లెక్కలు, దోషం 2.6 శాతం. 30 సెంటీమీటర్ల చదరపు పలకలు రెండు పెట్టి, పది సెంటీమీటర్ల ఎడంతో కోయిన్సిడెన్స్ (రెండూ ఒకేసారి మోగినవి) తీస్తే గంటకు 20,000 అనుకున్నా దోషం 0.7 శాతం. మూడేసి గంటలు కలిపితే 0.4. అప్పుడు రెండు శాతం పల్లం కంటికే కనిపిస్తుంది.

సెంటీమీటరు మందం పలకలో మ్యూఆన్ దాదాపు 2 ఎంఈవీ వదులుతుంది, వెలుగు సరిపోతుంది. అయితే పెద్ద పలక మూల నుంచి సెన్సరు దాకా వెలుగు చేరదు. గాడులు తీసి రంగు మార్చే ఫైబరు పరిచి, ఫైబరు చివరలను సెన్సరుకు ఆప్టికల్ గ్రీజుతో అతికించాలి. పైన ప్లంబర్లు వాడే తెల్లటి టెఫ్లాన్ టేపు రెండు వరసలు, తర్వాత అల్యూమినియం ఫాయిలు, ఆపైన నల్ల టేపు. వెలుతురు లీకుంటే కౌంటు మధ్యాహ్నం పెరిగి రాత్రి తగ్గుతుంది, దాన్ని సౌర ప్రభావం అనుకునే ప్రమాదం ఉంది. చీకటి గదిలో టార్చి అంచుల వెంట తిప్పి చూడండి, కౌంటు కదలకూడదు.

సెన్సరు ఉష్ణోగ్రత ఇంకో పీడ. దాని బ్రేక్‌డౌన్ వోల్టేజీ (అది పనిచేయడం మొదలుపెట్టే చోటు) డిగ్రీకి దాదాపు 21 మిల్లీవోల్టులు జరుగుతుంది. డాబా మీద రాత్రి 20, మధ్యాహ్నం 34 డిగ్రీలుంటే మొత్తం 300 మిల్లీవోల్టులు. ఓవర్‌వోల్టేజీ (దానికి పైన ఇచ్చేది) 2.5 వోల్టులే అయితే గెయిన్ (సంకేతం పెంపు) పన్నెండు శాతం ఊగుతుంది. పరికరం గది లోపల పెట్టి, థ్రెషోల్డును (లెక్కలోకి తీసుకునే కనీస పల్సు) మ్యూఆన్ శిఖరానికి బాగా కింద ఉంచితే ఆ ఊపు లెక్కల్లోకి రాదు.

విశ్వనాథం_మల్లేశ్వరం

ఇంత చేసినా పీడనం సరిదిద్దకపోతే అంతా వృథా. గాలి బరువు పెరిగితే మ్యూఆన్లు తగ్గుతాయి, ఒక హెక్టోపాస్కల్‌కు 0.1 నుంచి 0.2 శాతం. మన అక్షాంశంలో పీడనం రోజూ రెండుసార్లు ఆటుపోటులా కదులుతుంది: ఉదయం పదికీ రాత్రి పదికీ ఎక్కువ, తెల్లవారుజామున నాలుగుకూ సాయంత్రం నాలుగుకూ తక్కువ. మొత్తం తేడా 4 హెక్టోపాస్కల్‌ల దాకా ఉంటుంది. అంటే 0.6 శాతం అల దానికదే వస్తుంది.

బీఎంపీ280 పీడన సెన్సరు చాలు. వాతావరణ యాప్ చూపే 1,013 లాంటి అంకె వాడకండి, అది సముద్రమట్టానికి మార్చినది. బెంగళూరు 920 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడి అసలు పీడనం 910 దగ్గర్లో ఉంటుంది. తుఫాన్లు లేని మూడు నాలుగు వారాల డేటాలో కౌంటు లాగరిథంను పీడనానికి ఎదురుగా గీసి వాలు తీయండి. 0.0015 చుట్టుపక్కల వస్తే పరికరం ఆరోగ్యంగా ఉన్నట్టే. 0.005 లాంటిది వస్తే పీడనంతో పాటు ఉష్ణోగ్రతో వెలుతురో కూడా కలిసి కదులుతోందని అర్థం.

భార్గవి_జేపీనగర్

మాది పై అంతస్తు, సరిగ్గా మా గది మీదే నీళ్ళ ట్యాంకు. ఇబ్బందా?

రఘు_వైట్‌ఫీల్డ్

పెద్ద ఇబ్బంది. మీటరు నీళ్ళు అంటే చదరపు సెంటీమీటరుకు 100 గ్రాములు, మొత్తం వాతావరణంలో పదో వంతు. ట్యాంకు నిండినప్పుడూ ఖాళీ అయినప్పుడూ మ్యూఆన్లు కొన్ని శాతం మారతాయి, మీరు వెతుకుతున్న పల్లం కన్నా ఎక్కువ. మోటారు వేసే వేళలు దినచర్యగా ఉంటాయి కాబట్టి అది సూర్యుడి దినచర్యలా కనిపించి మోసం చేస్తుంది. ట్యాంకు నీడ పడని గదిలో, నిలువు నుంచి 45 డిగ్రీల దాకా పైన కాంక్రీటు కప్పు తప్ప ఇంకేమీ లేని చోట పెట్టండి. కప్పు మాత్రం మేలే చేస్తుంది, ఎలక్ట్రాన్లను కొంత వడగడుతుంది.

ఉరుముల గంటలను కూడా విడిగా గుర్తు పెట్టండి. 2014 డిసెంబరు 1న ఊటీ మీద ఒక ఉరుము మేఘంలో 130 కోట్ల వోల్టుల తేడా ఉందని గ్రేప్స్-3 మ్యూఆన్ల మార్పు ద్వారానే కొలిచారు. ఏప్రిల్, మే సాయంత్రాల్లో బెంగళూరులో అలాంటి మేఘాలకు కొదవ లేదు.

సుధ_కోరమంగళ

ఫైలులో ప్రతి వరసకూ ప్రపంచ సమయం, పై పలక కౌంటు, కింది పలక కౌంటు, కోయిన్సిడెన్స్, పీడనం, పెట్టెలోని ఉష్ణోగ్రత ఉండాలి. సరిదిద్దిన అంకెను పక్కన ఇంకో నిలువు వరసలో రాయండి, అసలు అంకెను ఎప్పుడూ చెరపకండి. కరెంటు పోయినప్పుడు గడియారం జారకుండా డీఎస్3231 గడియారం మాడ్యూలు పెట్టండి. ఒక పలక కౌంటు ఒక్కటే మారి రెండోది మారకపోతే అది పరికరం లోపం, ఆకాశం కాదు.

పోల్చుకోవడానికి న్యూట్రాన్ మానిటర్ల ఉమ్మడి డేటాబేసులో ఔలూ గీతను, దోయి ఇంతనోన్ గీతను ఒకే గంట సగటుతో దించుకోండి. ఆదిత్య-ఎల్1 మీది సోలెక్స్, హెల్1ఓఎస్ ఎక్స్ కిరణాల డేటా ఇస్రో ప్రదాన్ పోర్టల్లో దొరుకుతుంది. ఆ రెండు పరికరాలూ తయారైంది మన ఊళ్ళోనే. ఫ్లేర్ సమయం అక్కడ, సీఎంఈ తాకిన సమయం అయస్కాంత క్షేత్రం డేటాలో, పల్లం మీ పలకల్లో. ఈ మూడింటి మధ్య గంటల తేడా ఎంతుందో గుర్తు పెట్టి గ్రాఫు ఇక్కడ పెట్టండి, మొదటి నెల వాలు ఎంత వచ్చిందో కూడా రాయండి, కలిసి చూద్దాం.